పాటర్స్ ఎండ్‌కి సకుటుంబంగా రండి

పండరీలో పాండురంగడు లేడు. రంగులున్నాయి, రంగు దిగే చీరలున్నాయి, దిగదని ఒట్టేసే సేఠ్‌లున్నారు. రాయ్‌పూర్‌లోని ఆ బట్టల బజారులో ఓ టోకు దుకాణం మీద, రెండో అంతస్తులో ఊర్మిళ ఆఫీసు. ఎవరెవరో ఎక్కడెక్కడో మాట్లాడి రికార్డు చేసిన మాటల్ని విని, టైపు కొట్టి, మంచి ఇంగ్లీషులో దిద్ది పంపడం అక్కడి పని. కింద నేత, పైన రాత. కింద గజాల్లో కొలుస్తారు, పైన గంటల్లో కొలుస్తారు. కొలత తగ్గితే ఇద్దరికీ ఒకటే తిట్లు.

ఆఫీసంటే ముగ్గురే మనుషులు. ఊర్మిళ యజమాని. చాందిని కంప్యూటర్ చూస్తుంది. రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల కాబట్టి తెలుగులో బయల్దేరిన వాక్యం హిందీలో ఆగి, ఇంగ్లీషులో నీళ్ళు పట్టుకుని, మళ్ళీ తెలుగులోకి చేరుతుంది, అచ్చం పాసింజరు బండి. మూడో మనిషి ఆండాళమ్మ. ఊర్మిళకి దొడ్డమ్మ. రైల్వే బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో కొడుకు దగ్గర ఉంటోంది. అక్కడి వర్క్‌షాపులో కొడుకు వ్యాగన్లు బాగుచేస్తాడు, ఇక్కడ తల్లి వ్యాకరణాలు బాగుచేస్తుంది. పట్టాలు తప్పినదాన్ని పట్టాల మీద పెట్టడం ఆ ఇంట్లో వంశపారంపర్యం.

ఊర్మిళ భర్త దుర్గారావుకి ఈ ఆఫీసంటే గిట్టదు. ఆయన ఊరికి దూరంగా సిల్తారాలో స్పాంజి ఐరన్ ప్లాంటులో కొలిమి దగ్గర ఇంజనీరు. ఇడ్లీ స్పాంజిలా రావాలంటే ఊర్మిళ వండాలి, ఐరన్‌లా రావాలంటే దుర్గారావు వండాలి. రెండూ ఒకే ఇంట్లో దొరుకుతాయని తెలిసే ప్లాంటువాళ్ళు ఆయన్ని తీసుకున్నారని ఆండాళమ్మ అంటుంది. రోజూ లారీల మధ్య స్కూటరు మీద రాకపోకలతో ఆయన నడుము విరిగింది. ఇప్పుడు ప్లాంటువాళ్ళు పక్కనే క్వార్టరు ఇస్తామన్నారు.

"ఆ క్వార్టర్లో నెట్ రాదు కదండీ," అంది ఊర్మిళ.

"నెట్ రాకపోతే ఏమైంది? దోమతెర పెట్టుకుందాం, అదీ నెట్టే."

"నా పనో?"

"నీ పని కాదు, నీ పంతం. పేరు సిల్తారా, పోయి చూస్తే చుక్కలే చుక్కలు."

"అక్కడ పొగలో చుక్కలెక్కడ కనిపిస్తాయి? మధ్యాహ్నం ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి ఇంకో రంగు. పండరీలో సేఠ్‌లు కూడా అంత తొందరగా రంగు మార్చరు."

చివరికి ఇద్దరూ ఓ ఒప్పందానికొచ్చారు. ఆఫీసులో ఇప్పుడు ఒక్కటే పెద్ద పని ఉంది, కెనడా పని. అది నిలబడితే ఆఫీసూ ఉంటుంది, కాపురమూ ఊళ్ళోనే. అది పోతే తాళం వేసి, సామాను బండికెత్తి, సిల్తారా.

ఆ కెనడా పని సంగతి చెప్పాలి. అక్కడ టిమ్మర్‌డేల్ అని ఓ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది, కాకపోతే మనుషులు తక్కువ, ఆవులెక్కువ. కౌంటు చేస్తే కాలనీకి సరిపడా జనం. దుర్గారావు మాత్రం దాన్ని తిమ్మిరిడేలు అంటాడు. అక్కడి చరిత్ర సంఘంవాళ్ళు పల్లెపల్లెకీ తిరిగి ముసలివాళ్ళ కబుర్లు రికార్డు చేశారు. ఏ ఊరు ఎవరు కట్టారు, మిల్లు ఎవరిది, బడి ఎప్పుడు మూశారు, ఎవరి ఎద్దు ఎవరి కంచె దాటింది, అన్నీ. ఆ రికార్డులు విని ఊరికో అధ్యాయం రాసివ్వాలి. రాసిన అధ్యాయం ముందు అక్కడి వారపత్రికలో అచ్చవుతుంది, అన్నీ అయ్యాక పుస్తకం. సంఘానికి కార్యదర్శి గ్వెన్ అనే ఆవిడ. గొంతు మెత్తన, గడువు గట్టి.

టైపు చాందిని కొట్టేది, రాత ఆండాళమ్మ రాసేది, ఊర్మిళ చదివి పంపేది. మొదటి ఐదు ఊళ్ళు ఇంకా బతికే ఉన్నాయి కాబట్టి శుభంగానే ముగిసి, నల్లేరు మీద బండిలా సాగాయి. ఆరో ఊరు పాటర్స్ ఎండ్ దగ్గర బండి ఆగింది.

పేరులోనే ఎండ్ ఉంది, ఊళ్ళో మాత్రం ఎండ లేదు. ఏడాదిలో సగం మంచు. ఎవరో కుమ్మరి అడవి కొట్టి కుండలు చేసుకుంటే, వాడి చుట్టూ మిల్లూ, కమ్మరి కొట్టూ, చర్చీ, బడీ పుట్టుకొచ్చాయి. ఏటా సెప్టెంబరులో చర్చి ఆవరణలో చికెన్ సప్పర్ అని ఊరంతటికీ విందు. సప్పర్ అన్నారు గానీ చప్పగా ఏమీ ఉండేది కాదట, చుట్టుపక్కల పల్లెలన్నీ వచ్చేవి. తర్వాత హైవే పక్కనించి పోయింది. రైలు ఆగడం మానేసింది. బడి మూశారు. చర్చి మీద పిడుగు పడింది. ఊళ్ళో ఆఖరికి మిగిలిన మనిషిని మనవలు పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్చారు. ఇప్పుడక్కడ ఓ పచ్చిక మైదానం, ఓ బావి, ఊరి పేరున్న బోర్డు. అంతే.

ఆండాళమ్మ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఒలమ్మో, ఇలగ ముగిస్తారేటి? పిడుగు పడింది, అందరూ పోయారు, సమాప్తం అని?"

"జరిగింది అదే కదా దొడ్డమ్మా."

"జరిగిందని రాసేస్తామేటి? మంగళం పాడకుండా లేస్తామేటి?"

ఇక్కడ కాలనీ ఆచారం ఒకటి చెప్పుకోవాలి. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ తెలుగు సమాజం ఏటా ఓ చిన్న సంచిక వేస్తుంది. దాని నిండా ఆండాళమ్మ వ్యాసాలే. క్వార్టర్ల పైకప్పులు కారడం మీద రాసినా, బదిలీ అయిపోయిన కుటుంబాల మీద రాసినా, ఆఖరి పేరా ఒక్కటే. 'అంతా శుభం. కావున రాబోయే కార్తీక వనభోజనాలకు తామెల్లరూ సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, మా ఆతిథ్యం స్వీకరించి, ఇదే మా వ్యక్తిగత ఆహ్వానంగా భావించ ప్రార్థన.' కప్పు కారితే ఏం, కూడు దొరుకుతుంది. ఆ పేరా లేకుండా ఆండాళమ్మ కలం మూత పెట్టుకోదు. చరిత్ర చారుతో మొదలవచ్చు గానీ పాయసంతోనే పూర్తవ్వాలని ఆవిడ పట్టు.

కాబట్టి పాటర్స్ ఎండ్‌కి కూడా ఆవిడ పాయసం పోసింది. ఊరు పోయింది గానీ సప్పర్ పోలేదు, ఈ సెప్టెంబరు ఆఖరి ఆదివారం చర్చి స్థలంలో జరుగుతుంది, యావన్మందీ బంధుమిత్రులతో దయచేయండి, ఇదే మా వ్యక్తిగత ఆహ్వానం అని చక్కటి ఇంగ్లీషులో రాసేసింది. పంచాంగం తిప్పి, మహాలయ పక్షాలు రాకముందే రోజు కుదిర్చింది. పాతరోజుల్లో సప్పర్ సాయంత్రం నాలుగున్నరకి మొదలయ్యేదట. ఆదివారం నాలుగున్నర అంటే రాహుకాలం. రాహువుకి వీసా అక్కర్లేదు కదా. అందుకని ఆవిడ ఉదయం పదింటికి మార్చింది.

ఊర్మిళ అధ్యాయం చదివింది. కామాలు దిద్దింది. మిల్లు యజమాని పేరు సరిచూసింది. ఆఖరి పేరా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు వాటంతటవే జారిపోయాయి. పుట్టినప్పటినుంచీ చదివిన ప్రతి కాగితం చివర ఉన్న పేరానే అది. శుభలేఖ చివర ఉంటుంది, గృహప్రవేశం కార్డు చివర ఉంటుంది, సంచిక చివర ఉంటుంది. దాన్ని ఎవరైనా చదువుతారా? అది పేజీకి అంచులాంటిది. చీర కొనేటప్పుడు అంచు చూస్తారు గానీ కాగితానికి చూడరు కదా. 'పంపు' అని మీట నొక్కేసింది.

వారం తిరిగాక ఓ సాయంత్రం చాందిని కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మేడమ్, బవాల్ అయిపోయింది, పెద్ద గొడవ."

"ఏమైందే?"

"కెనడా పేపర్‌లో మన పాటర్స్ ఎండ్ ఛప్ గయా. ఔర్ అందరూ వస్తామంటున్నారు."

"ఎక్కడికి?"

"సప్పర్‌కి! ఇదిగో, ఒకావిడ రాసింది, మా చెల్లెలి కుటుంబంతో కలిపి పదకొండుమందిమి అని. ఇంకో ఆయన, కుక్కని తీసుకురావచ్చా అని. ఆంటీజీ, మీరేం రాశారు ఆఖర్లో?"

"ఎప్పుడూ రాసేదే రాశానే," అంది ఆండాళమ్మ.

ఊర్మిళ తెర మీద ఆఖరి పేరా చదివింది, ఈసారి నిజంగా. "దొడ్డమ్మా! లేని ఊళ్ళో లేని చర్చి దగ్గర లేని విందుకి ఉన్న జనాన్నందర్నీ పిలిచేశావు!"

"పిలిస్తే తప్పేటమ్మా? పిలవకపోతే కదా తప్పు."

ఫోన్ మోగింది. గ్వెన్. అప్పుడు అక్కడ పొద్దున్న. ఈ కథలో ఇంగ్లీషు సంభాషణలన్నీ మనం తెలుగులోనే వినేద్దాం, గ్వెన్‌గారికి అభ్యంతరం లేదు, ఆవిడకి అంతకంటే పెద్ద అభ్యంతరాలున్నాయి.

"మిసెస్ ఊర్మిళా, మా ఆఫీసు ఫోను తగలబడిపోతోంది. వృద్ధాశ్రమంవాళ్ళు బస్సు మాట్లాడుకున్నారు. పాటర్స్ ఎండ్ మనుషులు వేరే రాష్ట్రాల్నించి కూడా బయల్దేరుతున్నారు. ఈ విందు ఎవరు చేస్తున్నారు?"

"పొరపాటు జరిగిందండీ. పేపర్లో రద్దు అని వేద్దాం."

"రద్దా? తొంభై ఏళ్ళావిడ ఒకామె కొత్త టోపీ కొనుక్కుంది. ఆవిడకి రద్దని మీరు చెప్తారా, నేను చెప్పాలా?" గ్వెన్ గొంతు కొంచెం తడిగా వచ్చింది, వెంటనే ఆరిపోయింది. "మా అధ్యక్షులు ఒకటే మాట అన్నారు. ఆ ఆదివారం జనం వచ్చి ఖాళీ మైదానం చూసి వెళ్ళారంటే, పుస్తకం పని ఇంకెవరికైనా ఇచ్చేస్తారు. మీరు పిలిచారు. మీరే పెట్టండి."

ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రి సంగతి విన్న దుర్గారావు ఉలిక్కిపడలేదు సరికదా, ఈల వేశాడు.

"అయితే ఊర్మీ, క్వార్టర్లో వంటింటి కిటికీ తూర్పు వైపు. నీకు నచ్చుతుంది."

"ఇంకా ఆదివారం రాలేదండీ."

"వస్తుందిగా. బండి కూడా మాట్లాడాను. ఆదివారం సాయంత్రమే."

మర్నాడు ఆండాళమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని బల్ల ముందు కూర్చుంది. భయమన్నది ఆవిడ మొహంలో లేదు. ఏళ్ళ తరబడి కాలనీ వనభోజనాలు నడిపిన మనిషి. నాలుగు వీధులు, నాలుగు జిల్లాల వంటలు, నలభై అలకలు, అన్నీ చూసింది.

"వంటకేముందమ్మా, వీధికొకటి అప్పజెప్పడమే. ఇక్కడ వీధులు, అక్కడ పల్లెలు. కోడి ఒకరికి, దుంపలు ఒకరికి, తీపి ఒకరికి. గానీ కాగితం మీద పిలిస్తే వండరు. నోటితో పిలవాలి. బొట్టుపెట్టి పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలవాలి. నంబర్లు తియ్యవే చాందినీ."

మొదటి ఫోను డోరిస్ అనే ఆవిడకి. పాటర్స్ ఎండ్‌లోనే పుట్టింది, ఎనభై దాటింది, ఇప్పుడు పక్క పట్నంలో ఉంటోంది. పై చేయడంలో ప్రసిద్ధి. పై అంటే లోపల పళ్ళూ పైన రొట్టే ఉండే తీపి వంటకం. పక్క ఊరు హాగ్ కార్నర్స్‌లో మేవిస్ అని ఇంకో ఆవిడ, ఆమెకీ పై చేయడంలో ప్రసిద్ధే. పై విషయంలో పైచేయి ఎవరిదన్న దాని మీద ఇద్దరికీ దశాబ్దాలుగా మాటల్లేవు. రికార్డుల్లో ఇద్దరూ ఒకటే ఆరోపణ చేశారు, అవతలావిడ పై మీద రొట్టె కొట్లో కొన్నదని.

"హలో, డోరిస్‌గారాండీ? నేను ఇండియానించి, రాయ్‌పూర్ ఆండాళమ్మని."

"నా కంప్యూటర్లో వైరస్ లేదు," అంది డోరిస్. ఠప్. డోరిస్‌గారి డోరు మూసుకుంది.

రెండోసారి చేసింది ఆండాళమ్మ.

"ఇది వైరస్ సంగతి కాదమ్మా, పై సంగతి."

"నా బ్యాంకు నంబరు చెప్పను."

"నంబరు మీ దగ్గరే ఉంచుకోండి. మీ రుబార్బ్ కాడల పై మీ అత్తగారు నేర్పిందని, అందులో నారింజ తొక్క గీకుతారని విన్నాను. నిజమేనా?"

ఈసారి ఠప్ అనలేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే. టేపులో. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. నోరూరింది." ఆండాళమ్మ గొంతు తగ్గించింది. "పాటర్స్ ఎండ్ సప్పర్‌కి మీరు చెయ్యాలమ్మా. గానీ ఇంత వయసులో మీరు చెయ్యలేరేమోనని మేవిస్‌గారు అనుకుంటారేమోనని నా అనుమానం."

"మేవిస్ అందా ఆ మాట?"

"అన్నారని నేననలేదే. నా అనుమానమే."

"ఎన్ని పైలు కావాలి?"

తర్వాత మేవిస్‌కి ఫోను. అదే అనుమానం, పేర్లు తారుమారు. మేవిస్ కూడా అదే ప్రశ్న అడిగింది, అంతే కోపంగా. చాందిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆంటీజీ, ఆప్ తో బిల్కుల్ ఖతర్నాక్ హో."

"మా కాలనీ పులిహోర వదినలిద్దర్ని ఇరవయ్యేళ్ళు ఇలగే నడిపానే గుంటా. ఒక్క ఏడు కూడా పులిహోర తక్కువ పడలేదు."

అలా పల్లె తర్వాత పల్లె. దుంపల బస్తాలు హాగ్ కార్నర్స్ రైతు ఒకాయన ఇస్తానన్నాడు. కోళ్ళు కాల్చడం అక్కడి అగ్నిమాపక దళం కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. మంటలార్పేవాళ్ళకే మంట పెట్టే పని అప్పగించినందుకు ఆండాళమ్మ తనలో తనే మురిసిపోయింది. బల్లలు పక్క ఊరి చర్చి సంఘం, డేరా ఎవరిదో పెళ్ళివాళ్ళది. అందరికీ ఒకటే మాట చెప్పింది, "పదింటికి పొయ్యి వెలిగించండి."

ఊర్మిళకి అనుమానం వచ్చింది. "దొడ్డమ్మా, భోజనాలు పదింటికని కదా పిలిచావు? పొయ్యి కూడా పదింటికేనా?"

"అవునమ్మా. పదింటికని పిలిస్తే పన్నెండింటికి ఒక్కొక్కరూ దిగుతారు, ఒంటిగంటకి వడ్డన. నువ్వెప్పుడూ వనభోజనాలకి రాలేదేటి? పదకొండింటికి ఎవరైనా వస్తే 'అప్పుడే వచ్చావేంటే, పని లేదా' అని నువ్వే కదా అడిగేదానివి?"

అది నిజం.

ఆదివారం వచ్చింది. ఇక్కడ రాత్రి వంటల వేళ, అక్కడ ఉదయం. గ్వెన్ తన ఫోన్ ఓ కర్రకి కట్టి మైదానంలో నిలబెట్టింది. ఆ బొమ్మ పండరీ ఆఫీసులో పెద్ద తెర మీద కనిపిస్తోంది. డేరా వేశారు. బల్లలు పరిచారు. అగ్నిమాపక కుర్రాళ్ళు బొగ్గుల మీద అప్పుడే అగ్గిపుల్ల గీస్తున్నారు. కోళ్ళు ఇంకా తెల్లగా, పచ్చిగా. దుంపలు బస్తాల్లో మూతులు కట్టేసి.

సరిగ్గా పదింటికి గేటు తెరిచారు.

పదింటికి పిలిస్తే పదింటికి జనం రావడమనేది ఆండాళమ్మ జీవితంలో ఎన్నడూ చూడని వింత. అందరూ వచ్చేశారు. ఒక్కరు కూడా ఆలస్యం లేదు. వృద్ధాశ్రమం బస్సు దిగింది. కొత్త టోపీ పెద్దావిడ దిగింది. పదకొండుమంది కుటుంబం దిగింది. కుక్క దిగింది. మైదానం నిండిపోయింది. అందరి చేతుల్లో పళ్ళేలు. అందరి చూపులూ పచ్చి కోళ్ళ మీద.

"ఒలమ్మో," అంది ఆండాళమ్మ, "వీళ్ళకి గడియారాలున్నాయేటి?"

తెర మీద గ్వెన్ మొహం పెద్దదై కనిపించింది. కళ్ళనిండా నీళ్ళు. "మిసెస్ ఊర్మిళా, మా అధ్యక్షులు గేటు దగ్గరే నిలబడ్డారు. అందరూ ఆకలితో ఉన్నారు. కోళ్ళు కాలడానికి గంటలు పడుతుందట. కొంతమంది కార్లు వెనక్కి తిప్పుతున్నారు. అయిపోయిందండీ. పుస్తకం అయిపోయింది."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని దుర్గారావు లోపలికొచ్చాడు, వెనకాల బండి డ్రైవరు మహేంద్ర, ఛత్తీస్‌గఢీ మనిషి. ఇద్దరి చేతుల్లో తాళ్ళు.

"ముందు కంప్యూటర్ విప్పు భయ్యా," అన్నాడు దుర్గారావు.

చాందిని ప్లగ్గు ముందు రెండు చేతులూ చాచి నిలబడింది. "జీజాజీ, ముట్టుకోకండి! ఆ వైరుకి మూడొందలమంది ఆకలితో వేలాడుతున్నారు!"

ఆండాళమ్మ మాత్రం అటు తిరిగి చూడలేదు. కళ్ళజోడు సర్దుకుని మైకు దగ్గరికి లాక్కుంది. వంట ఆలస్యమైతే కాలనీలో ఏం చేస్తారో ఆవిడకి తెలుసు. ముందు వచ్చినవాడికి కూర్చోవడానికి కుర్చీ ఇవ్వరు, కత్తిపీట ఇస్తారు.

"గ్వెన్ వదినగారూ, కళ్ళు తుడుచుకోండి. ఆ బస్తాలు విప్పించండి. వెళ్ళిపోయేవాళ్ళని ఆపి చెప్పండి, ఇండియానించి పెద్దావిడ పిలుస్తోందని. ఒక్కొక్కరికీ నాలుగేసి దుంపలు, ఓ కత్తి. పళ్ళేలు ఒళ్ళో పెట్టుకోమనండి. తొక్క తియ్యనిదే ఎవరికీ ముద్ద లేదు."

"అతిథులతోనా?"

"అతిథులెవరమ్మా? వాళ్ళ ఊరే కదా."

గ్వెన్ కర్రతో సహా ఫోన్ పీకి, గేటు వైపు పరిగెత్తింది. తెర మీద ఆకాశం, గడ్డి, ఆకాశం, గడ్డి. కాసేపటికి బొమ్మ నిలబడేసరికి మైదానమంతా జనం కూర్చుని దుంపలు గీకుతున్నారు. మన దుంప తెగిందనుకున్న చోట వాళ్ళ దుంపలు తెగుతున్నాయి. జేబుకత్తులు తీసినవాళ్ళు తీశారు, లేనివాళ్ళు చెంచాలతో గీకారు. కొత్త టోపీ పెద్దావిడ టోపీలోనే తొక్కలు పోసుకుంది. సంఘం అధ్యక్షుడికి కూడా ఎవరో నాలుగు దుంపలు చేతిలో పెట్టారు. ఆయన వాటిని ఎక్కడ దాచాలో తెలియక గీకడం మొదలుపెట్టాడు.

డోరిస్‌నీ మేవిస్‌నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వేరే చోటు లేదు. పైలు ఎన్ని తెచ్చారో, బల్లల్లో నాలుగు వాటికే సరిపోయాయి. డోరిస్ మూడు దుంపల దాకా మాట్లాడలేదు. తర్వాత ఆగలేకపోయింది.

"మేవిస్, అంత మందంగా తీస్తే లోపల దుంపేం మిగులుతుంది?"

"మా అమ్మ ఇలాగే తీసేది."

"మీ అమ్మ పందులకి వేసేది. అందుకే మందంగా తీసేది."

అరవై ఏళ్ళ మౌనం దుంప తొక్కతో పాటు ఊడింది. మేవిస్ ముందు మొహం ఎర్రగా చేసుకుని, తర్వాత పకపకా నవ్వింది. "అవును, ఆ పంది పేరు గుర్తుందా నీకు?" డోరిస్‌కి గుర్తుంది. పంది పేరు చెప్పింది. వెనక బల్లవాళ్ళకి ఆ పంది చర్చిలో దూరిన ఆదివారం గుర్తొచ్చింది. ఆ పక్కవాళ్ళకి ఆ రోజు పెళ్ళి ఎవరిదో గుర్తొచ్చింది. పెళ్ళికొడుకు టోపీ పెద్దావిడ మొగుడే. గ్వెన్ కర్ర పట్టుకుని బల్లబల్లకీ తిరుగుతోంది, ఒక్క ముక్క పోకుండా రికార్డు చేస్తూ. ఊర్మిళ చేతులు తెలియకుండానే టైపు కొట్టడం మొదలుపెట్టాయి.

ఒక్క చోటే పని సాగడం లేదు, కోళ్ళ దగ్గర. అగ్నిమాపక కుర్రాళ్ళు మంట ఓ పిసరు పైకి లేవగానే నీళ్ళు చల్లేస్తున్నారు. అలవాటు.

ఇదంతా తాళ్ళు పట్టుకుని నిలబడి చూస్తున్న దుర్గారావు మొహం కందగడ్డలా అయింది. ఆయన కొలిమి మనిషి. బొగ్గు ఉండీ వేడి లేకపోవడం ఆయన కళ్ళతో చూడలేడు.

"అదేం పనయ్యా! నీళ్ళు చల్లుతావా!" అని తెర మీదికి అరిచాడు. "గాలి ఇవ్వు, గాలి! కిందనుంచి ఇవ్వు! ఆ రేకు పక్కకి జరుపు, అడుగున ఇటుకలు పెట్టు!"

అటునించి ఓ కుర్రాడు తలెత్తాడు. "ఎవరది?"

"మా అల్లుడు," అంది ఆండాళమ్మ గర్వంగా. "రోజూ ఇనుమే కాలుస్తాడు, మీ కోడెంత?"

తాళ్ళు కింద పడేసి దుర్గారావు చాందిని కుర్చీలో కూర్చున్నాడు. ఇటుకలు పెట్టించాడు. ఆకులు ఊదే మిషనొకటి ఉంటే తెప్పించి గాలి కొట్టించాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. కోళ్ళు బంగారు రంగుకి తిరిగాయి. దుంపలు ఉడికి, మెదిగి, వెన్న తాగాయి. అందరి పళ్ళేలూ నిండాయి. కుక్కకి కూడా. మైదానమంతా ఫోన్ వైపు, అంటే పండరీ ఆఫీసు వైపు తిరిగి సంతోషంతో కేకలు వేసింది. దుర్గారావు రెండు చేతులూ పైకెత్తి ఆనందం పట్టలేక గెంతాడు.

గ్వెన్ పక్కకి అధ్యక్షుడొచ్చి నిలబడ్డాడు, గడ్డానికి పై అంటుకుని.

"మిసెస్ ఊర్మిళా, మాకు ఈ పొద్దు దొరికినన్ని కబుర్లు రెండేళ్ళు టేపులు పట్టుకు తిరిగినా దొరకలేదు. పాటర్స్ ఎండ్ అధ్యాయం మళ్ళీ రాయాలి. మిగతా ఊళ్ళు కూడా మీరే రాయాలి. ఒక్కటే షరతు, ఆఖరి పేరా ముందు మాకు చూపించాలి."

"చూపిస్తామండీ," అంది ఊర్మిళ.

"హాగ్ కార్నర్స్‌వాళ్ళు అడుగుతున్నారు," అంది గ్వెన్ వెనకనించి, "ముందుముందు రాయబోయే వాళ్ళ అధ్యాయం వరదతో ముగుస్తుందట. వాళ్ళకెందుకు విందు లేదని."

తెర ఆరిపోయింది. దుర్గారావు చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, తాను ఏ పని మీద వచ్చాడో. చేతులు మెల్లగా దిగాయి.

"ఊర్మీ... ఇప్పుడు నేను ఎవరి కొంప నిలబెట్టానంటావు?"

"మనదే కదండీ."

"నేనే ఊదానా?"

"మీరే ఊదారు. కిందనుంచి."

ఆయన మహేంద్ర వైపు చూశాడు. మహేంద్ర తాళ్ళ వైపు చూశాడు. "సాబ్, గాడీ ఖాలీ లే జావ్?"

"ఖాళీ ఎందుకూ," అంది ఆండాళమ్మ లేస్తూ. "ఇంతసేపు కూర్చుంటే మోకాళ్ళు పట్టేశాయి, మెట్లు దిగి ఆటో ఎక్కలేను. నన్నే ఎక్కించండి అల్లుడూ, ఈ కుర్చీతో సహా."

అలా ఆఫీసు సామాను మొయ్యడానికొచ్చిన బండి మీద, తను కూర్చున్న చక్రాల కుర్చీలోనే, తాళ్ళతో కట్టేసిన ఆండాళమ్మ పండరీ బజారు దాటింది. దుకాణాలు మూస్తున్న సేఠ్‌లు ఏ దేవి ఊరేగింపో అనుకుని చెప్పులు విడిచి నిలబడ్డారు. పక్కన నిలబడి కుర్చీ పట్టుకున్న దుర్గారావు సిగ్గుతో తల దించుకున్నాడు, ఊర్మిళ నవ్వాపుకోలేక తల తిప్పుకుంది.

రైలు గేటు దగ్గర బండి ఆగింది. ఆండాళమ్మ ముందుకి వంగి క్యాబిన్ రేకు మీద తట్టింది.

"మహేంద్రా, వచ్చే ఏడు సెప్టెంబరులో పాటర్స్ ఎండ్‌లో సప్పర్ హై. సబ్ కో లేకే ఆనా. పిల్లల్ని కూడా."

మహేంద్ర కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ ఊరెటు, పక్కనున్న భిలాయ్ వైపేనా అని అడిగాడు. "కౌన్ తరఫ్ పడ్థే దాయీ? భిలాయ్ కోతీ?"

"ఎటైతే ఏటిరా? వస్తావా రావా, అది చెప్పు."